ఇదే దినం

మొన్న సెలూనులో గడ్డం చేయించుకుంటూ ఉన్నట్టుండి నవ్వాను. గొంతు కింద కత్తి పెట్టుకుని ఉన్న మంగలి భయపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తప్పు నాది కాదు, గోడ మీది రేడియోది. అందులో ఇద్దరు కుర్రవాళ్ళు తమిళంలో గడగడా మాట్లాడుతున్నారు. పాటల చరిత్రలో ఈ రోజు ఏమేం జరిగిందో చెప్పడం వాళ్ళ పని. ఈ రోజు ఫలానా గాయకుడు పుట్టాడు, ఈ రోజు ఫలానా సినిమా వచ్చి అందులోని పాట ఊరూరా మోగింది, ఈ రోజు సముద్రాల అవతల ఒక బృందం పోట్లాడుకుని విడిపోయింది. ఒక్కో ముక్కకూ నడుమ ఒక డ్రమ్ము దెబ్బ. ఇదేదో తామే కనిపెట్టినట్టు వాళ్ళ సంబరం చూస్తే నాకు నవ్వు ఆగలేదు. తమిళదేశంలోని మా రాజపాళయంలో ఒక మనిషి ఈ పని నా వయసు కాలంలోనే చేశాడు. పైగా ఆయనకు ఏడాదిలోని రోజులన్నీ అక్కర్లేకపోయాయి. ఒక్క రోజు చాలింది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు ఊళ్ళో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆయనకు మైకుసెట్టు ఉండేది. కల్యాణాలకూ చెవులు కుట్టే వేడుకలకూ గుడి తిరునాళ్ళకూ గొట్టాలు కట్టి పాటలు పెట్టేవాడు. ఇంటి ముందు గదే ఆయన కొట్టు, వెనక గదుల్లో కాపురం. వరసకు నాకు మామ. మా ఊరి తెలుగు రాజుల్లో వరస కలపడం మొదలుపెడితే ఎదుటివాడు మామో బావో అయి తీరుతాడు కాబట్టి ఇందులో నాకు దక్కిన గొప్పేమీ లేదు. అప్పట్లో నేను నూలు మిల్లులో సూపర్వైజరుని, కొత్తగా పెళ్ళయినవాణ్ణి, ఆయన ఇంటికి ఎదురిల్లు. ముఖాన మైకుసెట్టు మామ అని పిలిచేవాళ్ళం. అటు తిరగగానే ‘ఇదేదినం’ అనేవాళ్ళం.

మనిషి పొడుగు, సన్నం. జీవితమంతా గొట్టం పక్కన నిలబడ్డాడేమో, కుడి చెవి మందగించింది. ఎవరు మాట్లాడినా ఎడమ చెవి అటు పెట్టేవాడు. దాంతో ఎదుటివాడికి, ఈయన నా ముఖం చూడడం ఇష్టంలేక తల తిప్పుకున్నాడు అనిపించేది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కొందరు ఇందుకు ఆయన మీద కోపం కూడా పెట్టుకున్నారు. గ్రామఫోను రికార్డుల్ని మేము ప్లేట్లు అనేవాళ్ళం. వాటిని అంచులు మాత్రమే తగిలేటట్టు రెండు అరచేతుల మధ్య పట్టుకునేవాడు. భుజం మీది తువ్వాలులో ఒక కొన చెమటకు, ఒక కొన ప్లేట్లకు. పొరపాటున ఎవరైనా ప్లేట్ల కొనతో చెయ్యి తుడుచుకుంటే ఆ పూటకు వాళ్ళతో మాటల్లేవు. పాటంటే అంత ప్రాణం పెట్టే మనిషికి గొంతు మాత్రం భగవంతుడు ఇవ్వలేదు. ఒకసారి నా ఎదుట కూనిరాగం తీయబోతే వీధి చివర పడుకున్న తెల్లకుక్క లేచి చెవులు నిక్కించి చూసింది. ఆయనే సిగ్గుపడి ఆపేశాడు.

తమిళుల ఆని నెలలో, అంటే జూను జూలైల్లో, ఒక రోజు ఉంది. ఆ రోజు ఎంత పెద్ద ఇంటివాళ్ళు పిలిచినా కల్యాణానికి పోడు. తన మేడ మీద వెదురు బొంగుకు గొట్టం కట్టి దాని మూతిని తూర్పుకు తిప్పేవాడు. ఎండ పొడిచాక, వీధిలో జనం తిరుగుతున్న వేళకు, మైకు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, ఒకసారి ఊది, మొదలుపెట్టేవాడు.

“ఇదే దినం, మన ఊరికి మొదటి పాట పెట్టె ఎద్దుబండిలో వచ్చినది. ఇదే దినం, టెంటు కొట్టాయిలో మాట్లాడే పడం మొదటిసారి వేసినారు. ఒక పాట్టుకు జనం లేచి సత్తం చేస్తే, ఆ పాట్టునే మళ్ళీ మళ్ళీ తిప్పి వేసినారు. ఇదే దినం, పార్కులో రేడియో పెట్టినారు.”

కొట్టాయి అంటే సినిమా ఆడించే కొట్టం, పడం అంటే సినిమా, సత్తం అంటే చప్పుడు. జాబితా ఏటేటా పెరిగేది. నాటకాల కంపెనీతో వచ్చిన హార్మోనియం ఆయన, కంపెనీ రైలెక్కి పోతున్నా తన పెట్టెతో సహా ఈ ఊళ్ళోనే నిలిచిపోయింది ఇదే దినం. తెన్‌కాశి వైపు పోతున్న పేరుమోసిన గాయని ఒకామె, ఇంజను చెడి రైలు ఆగిపోతే, మన స్టేషను బెంచీ మీద కూర్చుని పొద్దుపోక పాడింది ఇదే దినం. సర్కారు రేడియోలో సినిమా పాటలు కరువైన కాలంలో, ముల్లు సిలోను వైపు తిప్పితే కావలసినన్ని దొరుకుతాయని ఊరికి తెలిసింది కూడా ఇదే దినం. దాన్ని ఊరికి చెప్పినవాడు తానేనని మాత్రం మైకులో అనేవాడు కాదు, తరువాత టీ కొట్టులో అనేవాడు. అన్నీ మొదట తెలుగులో చెప్పి, మళ్ళీ తమిళంలో చెప్పేవాడు.

మొదట్లో నేను నమ్మాను. ఇన్ని సంగతులు ఒకే రోజున ఎట్లా జరిగాయా అని ఆశ్చర్యపడ్డాను కూడా. స్కూల్లో తమిళం చెప్పే వాద్యారు ఒకాయన ఓపిగ్గా కూర్చుని లెక్క తీస్తే గుట్టు బయటపడింది. పాట పెట్టె వచ్చిన రోజు తమిళ తేదీ ప్రకారం. మాట్లాడే బొమ్మ ఇంగ్లీషు తేదీ ప్రకారం. పార్కు రేడియో తిథి ప్రకారం. ఇటువంటి గారడీ మా ఊళ్ళోనే సాధ్యం. మా ఇళ్ళలో మూడు క్యాలెండర్లూ ఒకే గోడకు వేలాడుతుంటాయి. పితృకార్యాలకు తిథి చూస్తాం, గుడికీ సంతకూ తమిళ నెల, మిల్లు జీతానికి ఇంగ్లీషు నెల. ఆయన ఒక్కో సంగతికి ఏ క్యాలెండరు ఒప్పుకుంటే దాని దగ్గరికి పోయేవాడు. ఏదీ ఒప్పుకోకపోతే ఆ సంగతిని కొంతకాలం పక్కన పెట్టి, జనం మరిచాక తెచ్చి ఇందులో కలిపేవాడు. వాద్యారు టీ కొట్టు ముందు పదిమంది ఎదుట ఇదంతా విడమరిచి చెప్పి, మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోండి అన్నాడు. ఆయన ఎడమ చెవి అటు పెట్టి శ్రద్ధగా విన్నాడు.

“మూడు ఉండాది కదా సార్. ఒకటే చాలంటే మిగిలిన రెండూ ఏల గోడ మీద?” అన్నాడు.

అందరూ నవ్వారు. వాద్యారు కూడా నవ్వి, ఈయనతో పెట్టుకోవడం దండగని టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన లెక్క తప్పని అందరికీ తెలుసు, ఆయనకు కూడా తెలుసనే నా అనుమానం. అయినా ఆని నెల వచ్చేసరికి, ఈ సారి ఏం కొత్తది చేర్చాడో విందామని అరుగుల మీదికి చేరేవాళ్ళం.

జాబితా అయిపోయాక ఆయన చివరగా ఒక మాట అనేవాడు. “ఇదే దినం,” అని ఆగిపోయేవాడు. తరువాత ఏమీ చెప్పడు. మైకు తెరిచే ఉంటుంది, ఒక పాట పట్టేంత సేపు. గొట్టంలోంచి ఊరి చప్పుళ్ళే ఊరికి వినిపించేవి. కాకులు, సైకిలు గంట, ఎవరో బావి గట్టున బకెట్టు దించిన చప్పుడు, ఆయన గొంతు సవరించుకోవడం. ఆ తరువాత ప్లేట్లు మొదలయ్యేవి, సాయంత్రం దాకా. ఆ ఖాళీలో ఏమి ఉందో ఊరికంతా తెలుసు. కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్యకు కూడా ఆ వారంలోనే తెలిసిపోయింది.

అందులో ఉన్నది ఆయన భార్య. మా వైపు మగవాడు పెళ్ళాం పేరు ఇంట్లోనే పలకడు, ఇక మైకులో ఎట్లా పలుకుతాడు. అందుకని ఆ రోజు చుట్టూ ఉన్న సంగతులన్నీ చెప్పి, అసలు సంగతి దగ్గర నోరు మూసుకునేవాడు.

అంతకు కొన్నేళ్ళ ముందు, ఆని నెలలోనే, వెనక వీధిలో ఆయన అక్క కూతురి కల్యాణం జరిగింది. తెల్లవారకముందే పెళ్ళికూతురికి నలుగు పెట్టి తలకు పోస్తారు. ఆ గదిలోకి మగవాడి నీడ కూడా పోదు. ఆడవాళ్ళు పాడే పాటలు ఆ గడప దాటి రావు. మైకుసెట్టు మామ భార్య బాగా పాడుతుందని ఆడవాళ్ళకు తెలుసు, మగవాళ్ళెవరికీ తెలియదు, ఒక్క ఆయనకు తప్ప. ఆయన ఎవరికీ చెప్పకుండా మైకును ఆ గది కిటికీ కింద, పందిరి తడికకు కట్టాడు. పందిరి మీద రెండు గొట్టాలు. స్విచ్చి వేశాడు.

నాకప్పుడు పెళ్ళి కాలేదు, మిల్లులో మొదటి షిఫ్టు. మిల్లు సంగు, అంటే షిఫ్టుకు రమ్మనే కూత, అప్పుడే మోగింది. ఇంకా చీకటి. సైకిలు మీద ఆ వీధి మలుపు తిరుగుతున్నాను. పైనుంచి ఒక గొంతు వచ్చింది. పెద్ద గొంతు కాదు. వాయిద్యం లేదు. ఎదురుగా కూర్చున్న ఒక్క పిల్లకు చెబుతున్నట్టు పాడుతోంది, ఆ పిల్ల రేపటి నుంచి ఇంకొకరి ఇంట్లో లేస్తుందని తెలిసినట్టు పాడుతోంది. నా ముందు సైకిళ్ళు ఆగాయి. నేనూ ఆగాను. మిల్లుకు పోయేవాళ్ళమంతా ఒక కాలు నేలకు ఆనించి అట్లాగే నిలబడ్డాం. ఆ తరువాత నా జీవితంలో చాలా పాటలు విన్నాను, పెద్ద పెద్ద కచేరీలకు కూడా పోయాను. దాచుకోవడం ఎందుకు, అంత బాగా నాకు ఏదీ వినిపించలేదు.

పాట సగంలో తెగిపోయింది. ఆమె అన్న సత్రపట్టి రైతు, పెళ్ళికి వచ్చి టీ కొట్టులో కూర్చుని ఉన్నాడు. చెల్లెలి గొంతు గుర్తుపట్టి, గ్లాసు అక్కడే పెట్టేసి, గబగబా వచ్చి వైరు పీకి పారేశాడు. లోపల ఉన్న ఆడవాళ్ళకు సంగతి అప్పుడే తెలిసింది. ఆమె ఏడవలేదట, కేకలూ వేయలేదట. పెళ్ళి పనులన్నీ చేసి, తాళి కట్టడం చూసి, అందరికీ వడ్డించి, సాయంత్రం బస్సుకు అన్న వెంట సత్రపట్టి వెళ్ళిపోయింది.

ఆమె సిగ్గుతో పోయిందని ఊరు తీర్మానించింది. మంచి ఇంటి ఆడదాని గొంతును టీ కొట్టుకు వినిపిస్తే పోక ఏం చేస్తుంది అన్నారు. ఆయన కూడా అదే అనుకున్నాడు. వారం తిరక్కముందే సత్రపట్టి పోయాడు. బావమరిది అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు, మర్యాదకు లోటు చెయ్యలేదు. ఆమె మాత్రం బయటికి రాలేదు. తరువాత పెద్దవాళ్ళు ఒకరిద్దరు పోయి మాట్లాడి చూశారు. ఆమె రానని అనలేదు, వస్తాననీ అనలేదు. పిల్లలు లేని సంసారం కాబట్టి మధ్యలో పట్టి లాగేవాళ్ళు కూడా లేకపోయారు. ఆయన ఒక్కడే వండుకు తింటూ, ఆమె చీరలు ఉన్న పెట్టెను వారానికొకసారి తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ కల్యాణం తరువాత ఆయనకు ఒక అలవాటు వచ్చింది. ఏ పెళ్ళిలో వైర్లు లాగినా ఆడవాళ్ళ గది బయట నిలబడి, “అమ్మా, మైకు పందిట్లోనేదా ఉండాది, ఇటు రాదు, బయపడకుండా పాడుకోండి,” అని గట్టిగా చెప్పి పోయేవాడు. లోపలి నుంచి నవ్వులు వినిపించేవి. కొత్త పెళ్ళికొడుకులు ఈ ముసలాయన ఎవరని అడిగేవాళ్ళు. అప్పటికి ఆయన ముసలివాడేమీ కాదు, చెవి వల్ల అట్లా కనిపించేవాడు.

గొట్టం తూర్పుకే ఎందుకు తిప్పుతావని ఒకసారి అడిగాను. ఆని నెలలో పడమటి కొండల నుంచి గాలి ఉధృతంగా వీస్తుంది. మాకు తూర్పున సత్రపట్టి. మనుషులు పోయి చెప్పలేని దాన్ని గాలి పోయి చెబుతుందని ఆయన ఆశ. అంత దూరం పోయి చేరుతుందా మామా అన్నాను.

“చేరుతుంది. చేరినా ఆమె రాలేదంటే, కోపం ఇంకా ఉండాది అని అర్థం,” అన్నాడు.

అంటే ఏటా ఆ ఒక్క రోజు ఆయన అడుగుతున్నాడన్నమాట, ఏటా ఆమె కాదంటోందన్నమాట. ఆ రోజు సాయంత్రం సత్రపట్టి బస్సు వచ్చే వేళకు ఆయన ప్లేటు మార్చడం మరిచి గడపలో నిలబడేవాడు. బస్సు దిగినవాళ్ళు వీధిలోంచి నడిచి పోయేవాళ్ళు, ప్లేటు మధ్యలో సూది గీరుకుంటూ తిరిగేది. మా వీధిలో ఎంత ఎగతాళి చేసేవాళ్ళయినా ఆ సమయంలో మాత్రం లోపలికి పోయేవాళ్ళు.

ఇట్లా పందొమ్మిది వందల అరవైలు మొదలయ్యాయి. మా మిల్లు నూలు సత్రపట్టి మగ్గాలకు పోయేది. పోగు తరచూ తెగుతోందని అక్కడివాళ్ళు గొడవ చేస్తే చూసి రమ్మని నన్ను పంపారు. తప్పు నూలుదా మగ్గానిదా అనేది తేలకముందే మధ్యాహ్నమైంది. బస్సుకోసం నడుస్తుంటే దారిలో ఆమె అన్న ఇల్లు. అన్న పొలానికి పోయాడు. ఆమె నన్ను పోల్చుకుని, అరుగు మీద కూర్చోమని మజ్జిగ తెచ్చింది. జుట్టు నెరవడం మొదలైంది. అత్తా బాగుండావా అన్నాను. ఉన్నాను అంది. కాసేపు నూలు సంగతీ, నా పిల్లల సంగతీ మాట్లాడాం. మీ మామ బాగుండాడా అని ఆమే అడిగింది. ఉన్నాడన్నాను. ఇంక ఊరుకోలేక, ఏటా ఆయన పెట్టేది ఇక్కడికి వినబడుతుందా అన్నాను.

“వస్తుంది అల్లుడా. మాట తెలియదు, సత్తం తెలుస్తుంది. మధ్యలో కొంచెం సేపు సత్తం నిలిచిపోతుంది చూడు, అది కూడా తెలుస్తుంది.”

అన్నీ తెలిసీ ఇన్నేళ్ళు కోపం ఎందుకు పట్టావు, ఊరు విన్నదని ఇంకా సిగ్గేనా అని అడిగాను. ఆమె ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

“ఊరు వింటే ఏమి? నన్ను ఒక మాట అడగలా. అది ఒకటి. ఇంకొకటి, ఆయన పెట్టేది నా దినం కాదు.”

నాకు అర్థం కాలేదు. ఆమె గడపకు ఆనుకుని నిలబడి, పిల్లవాడికి పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

“నేను పాడింది తెల్లారక ముందు. సూర్యుడు పుడితేదా దినం. అప్పటికి ముందు దినమే నడుస్తా ఉన్నది. ఏటా ఆ ముందు దినం ముగిసే లోపల, చీకటితో లేచి ఈ అరుగు మీద కూర్చుంటాను. ఒక సత్తం రాదు. ఎండ వచ్చి మరుసటి దినం, కల్యాణం దినం, పుట్టినాక ఊరంతటికీ పాట్లు పెడతాడు. ఆయనకి గొట్టం కట్టిన దినం పెద్దది. నేను పాడిన దినం కాదు.”

బస్సులో కూర్చున్నాక గాని నాకు పూర్తిగా ఎక్కలేదు. మా ఊళ్ళో రోజు రెండుసార్లు పుడుతుంది. మిల్లుకు పోయేవాళ్ళకు సంగుతో పుడుతుంది, ఇంట్లో పంచాంగం చూసేవాళ్ళకు సూర్యుడితో పుడుతుంది. ఆ రెంటికీ నడుమ ఉండే చీకట్లో ఆమె పాడింది. ఆయనకు అది సంగు మోగాక జరిగింది కాబట్టి కొత్త రోజు. ఆమెకు ఇంకా పాత రోజు. ఏటా ఈమె చీకట్లో ఎదురుచూసి లేచిపోతోంది, ఆయన ఎండ పొడిచాక పిలిచి ఎదురుచూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరికీ రెండోవాళ్ళు కూర్చుని ఉన్నట్టు తెలియదు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదనో తెలియలేదు.

బస్సు దిగి నేరుగా ఆయన కొట్టుకు పోయి అంతా చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన వాదానికి దిగాడు. సంగు ఊదినాక పాడింది కదా, సంగు ఊదితే కొత్త దినం కాదా, ఆ పొద్దు షిఫ్టుకు పోయినవాళ్ళకు మిల్లులో ఏ తేదీ వేసినారు, నువ్వే చెప్పు అని నన్నే సాక్షిగా నిలబెట్టాడు. ఈ దినానికే ఇన్నేళ్ళుగా అన్నీ కట్టి పెట్టినాను, ఇప్పుడు అంతా ముందు దినానికి జరపమంటావా అన్నాడు. పాట పెట్టె, మాట్లాడే బొమ్మ, స్టేషను బెంచీ మీద గాయని, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

“మామా, పాట పెట్టెకు మూడు క్యాలెండర్లు తిప్పినావు. అత్తకు ఒక్క దినం తిప్పలేవా?” అన్నాను.

ఆయన తల తిప్పి నాకు కుడి చెవి పెట్టాడు. నా మాట వినదలచుకోలేదని చెప్పడం అన్నమాట. అంతవరకు నాకు ఎన్నడూ అట్లా చెయ్యలేదు. నేనూ లేచి ఇంటికి వచ్చేశాను. ఆ తరువాత చాలా నెలలు మా మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

మళ్ళీ ఆని వచ్చింది. ఆయన చెప్పుకునే రోజే, కాని ఇంకా తెల్లవారలేదు. ఆ వారం నాది రెండో షిఫ్టు, చీకటితో లేవాల్సిన పనిలేదు. అయినా మెలకువ వచ్చేసింది. అరుగు మీదికి వచ్చి చూస్తే ఎదురింటి మేడ మీద గొట్టం కట్టి ఉంది. గాలికి వెదురు బొంగు కిర్రుమంటోంది. మిల్లు సంగు మోగి ఆగింది. వీధిలో సైకిళ్ళు బయలుదేరాయి. మైకు మీద రెండు తట్లు, ఒక ఊదు.

జాబితా రాలేదు. పాట పెట్టె రాలేదు, టెంటు రాలేదు, రేడియో రాలేదు. కొంచెం సేపు గాలి చప్పుడే వినిపించింది.

“సూర్యుడు ఇంకా పుట్టలేదు,” అన్నాడు. మళ్ళీ, “ముందు దినమే ఇది. నాకు ఇప్పుడుదా తెలిసినది,” అన్నాడు.

అంతే. దాన్ని తమిళంలో చెప్పలేదు. మైకు మాత్రం ఆపలేదు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఈయనకు మతి చెడిందా అని ఒకరినొకరు అడుగుతూ పోయారు. తెల్లవారింది. గొట్టంలోంచి కాకులు, పాల సైకిలు గంట, ఎవరో వాకిట్లో నీళ్ళు చల్లిన చప్పుడు వస్తూనే ఉన్నాయి. ఆయన మైకు పక్క స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు.

సత్రపట్టి నుంచి పొద్దున్నే వచ్చే బస్సు ఆగిన చప్పుడు విన్నాను. కాసేపటికి వీధి మొదట్లో ఆమె కనిపించింది. చేతిలో చిన్న పెట్టె. అన్న వెంట రాలేదు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు గాని ఎవరూ పలకరించలేదు. ఆమె ఎవరినీ చూడకుండా నడిచి వచ్చి, మెట్లెక్కి, కొట్టుగదిలోకి పోయింది. ఆయన స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. తరువాత వినిపించిందంతా గొట్టంలోంచే, వీధికంతా.

“పాలు ఉండాదా ఇంట్లో?”

“లేదు.”

ఆయన చెంబు పట్టుకుని బయటికి వచ్చి పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. పంచె ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చెంబు ఒక చేత్తో పట్టుకుని పోయాడు. ఆ తొందరలో మైకు ఆపడం మరిచిపోయాడు.

పెట్టె కింద పెట్టిన చప్పుడు. తలుపు చప్పుడు. ఇన్నేళ్ళు మగవాడు ఒక్కడే ఉన్న ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు, చీపురు చప్పుడు మొదలైంది. ఊడుస్తూ ఊడుస్తూ, తనకే తెలియకుండా, ఆమె సన్నగా గొంతు ఎత్తింది. అదే గొంతు. నెరిసిన జుట్టుకూ దానికీ ఏమీ సంబంధం లేదు. వీధి వీధంతా నిలబడిపోయింది. ఎవరైనా పోయి అత్తా మైకు తెరిచి ఉంది అని చెప్పాలి. ఎవరూ కదలలేదు. నేనూ కదలలేదు, నాకు వినాలని ఉంది.

ఆయన పాల చెంబుతో వీధి మలుపు తిరిగాడు. పైన గొట్టంలోంచి వస్తున్నది విన్నాడు. అడుగు ఆగింది. ఆయన ముఖం నేను బాగా చూశాను, ఎదురుగానే ఉన్నాను. ఊరంతా వినాలని ఒకప్పుడు మైకు పెట్టిన మనిషి, ఇప్పుడు ఊరంతా వింటోంది, ఆ ముఖంలో భయం తప్ప ఏమీ లేదు. పాలు ఒలుకుతున్నా చూసుకోకుండా వచ్చి మెట్లెక్కాడు. లోపల పాట ఆగింది. ఆయన ఆయాసపడుతూ అన్న మాటలు మైకులో పడ్డాయి.

“మైకు తెరిచి ఉండాది. నేను మరిచినాను. ఇప్పుడు ఆపుతాను. ఆపినాక పాడుతావా?”

స్విచ్చి నొక్కిన చప్పుడు వచ్చింది. ఆమె ఏం చెప్పిందో మాకెవ్వరికీ వినిపించలేదు.